తోడుకోని పాలు

ఇస్క్రా నాలుగు రోజుల పాటు పాలు తీసే పంపు రొమ్ముకి తగిలించుకుని కూర్చుంది. నడుం విరిగింది, విసుగు నెత్తికెక్కింది, ఎట్టకేలకు ఫ్రిజ్‌లో నాలుగు జామ్ సీసాలు నిండాయి. రేపు బుర్గాస్ రేవులో క్రేన్ నడిపే లైసెన్సు పరీక్ష, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే, ఈలోగా ఉద్యోగం ఇంకెవడో తన్నుకుపోతాడు. మూడు నెలల కొడుకు కలిన్‌కి డబ్బాపాలు పడవు. అందుకే ఈ అవస్థంతా.

పిల్లాణ్ణి చూసుకోవడానికి అత్తగారు దొన్కా నిన్ననే పల్లె నుంచి దిగింది. ఆడది క్రేనెక్కడమేమిటని రాగానే మొహం గంటు పెట్టుకుంది కూడా. ఇవాళ ఇస్క్రా పిల్లాడికి టీకా వేయించి, పుట్టింట్లో భోంచేసి వచ్చేసరికి, ఆవిడ ఫోనులో తమ ఊరి మేకలవాణ్ణి దులిపేస్తోంది.

"మించో, నీ మేకలకి ఏం మేపుతున్నావయ్యా? నువ్వు పంపిన నాలుగు సీసాల పాలూ పొద్దున్నే కాచి, తోడేసి, దుప్పటి చుట్టి పెట్టా. ఆరు గంటలు గడిచాయి, పెరుగూ లేదు పాడూ లేదు. రెండు చెంచాలు నోట్లో వేసుకున్నా, పంచదార నీళ్లే. సత్తువ లేని మేకయ్యా అది, కోసి పారెయ్."

ఈ నెలలో నేను పాలే పంపలేదు మొర్రో అని మించో అవతల మొత్తుకుంటున్నాడు.

హీటరు పక్కన దుప్పటి మూట చూసి ఇస్క్రాకి సంగతి అర్థమైంది. ఆ పల్లెల్లో ఆడవాళ్లు సీసాలో పాలు కనబడితే తోడెయ్యకుండా ఉండలేరు. సీసాల మీద ఒక్క ముక్క రాసి అతికించాలని తట్టని తన బుర్రని తిట్టుకుంది.

"ఫోన్ పెట్టెయ్యండి అత్తయ్యా. ఆ మేకని నేనే."

దొన్కా రెండు చెంచాలూ గుర్తొచ్చి నోరు తుడుచుకుంది. ఇస్క్రా వంటింటి నేల మీద కూలబడి ఏడ్చింది. "నాలుగు రోజులు అత్తయ్యా, పశువులా కూర్చుని తీశా. ఇంక రేపెలా వెళ్లను?"

ఎలాగూ నీకెందుకే ఆ పని అంటుందనుకుంది.

"నోర్మూసుకుని లే," అంది దొన్కా. "వాణ్ణి నేను రేవుకే తెస్తా."

మర్నాడు తెచ్చింది కూడా. పిల్లలకి ప్రవేశం లేదన్న కాపలావాణ్ణి తోసుకుంటూ మరీ వచ్చింది. ఇస్క్రా క్రేనుతో మొదటి సరుకుల పెట్టెని గీత మీద సరిగ్గా దించి కిందికొచ్చేసరికి, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వినగానే పాలు పొంగి ఆమె చొక్కా తడిసిపోయింది.

"రెండో పెట్టె అయిదు నిమిషాల్లో," అన్నాడు పరీక్ష పెట్టే ఆయన.

దొన్కా కోటు విప్పి కోడలికి అడ్డంగా పట్టుకుంది. "ఇనప పెట్టెకి ఆకలెయ్యదు బాబూ, ఆగుతుంది. నువ్వు అటు తిరుగు."

ఆయన బుద్ధిగా అటు తిరిగాడు.

సాయంత్రానికి లైసెన్సొచ్చింది. అక్కడే తీసిన ఫొటోలో చొక్కా మీద రెండు పెద్ద తడి మరకలు. ఇంకోటి తీస్తామన్నారు. ఇస్క్రా వద్దంది.