సాంబన్నను ఎత్తనివ్వలేదు

ఈ కథలో నేను మంచివాణ్ణి కాను. చదువుకునే పిల్లలు, కూలికి పోయే అన్నలు వింటున్నారు గనక ముందే చెప్పేస్తున్నాను.

మాది అంకిస దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఒక పొద్దున ఇసుక తోడే యంత్రాలు మా ఒడ్డున దిగాయి. ఆపబోయిన సాంబన్న చేతిలో కాంట్రాక్టరు మనిషి ఒక కాగితం పెట్టాడు. ఇసుక తవ్వుకోవడానికి గ్రామసభ ఒప్పుకుందట. కింద మా అందరి సంతకాలు, వేలిముద్రలు. మొదటి సంతకం సాంబన్నదే.

రెండేళ్లుగా ఆ కాంట్రాక్టరును ఊళ్లో కాలు పెట్టనివ్వనిది సాంబన్నే. ఇసుక పోతే బావులు ఎండుతాయి, మిర్చి పోతుంది, మళ్లీ ఒకడి చేలో కూలికి పోవాలి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. మరి ఆ కాగితం ఎట్లా పుట్టింది? మా సభకు ఒక పాడు అలవాటు. ముందు హాజరు సంతకాలు పెట్టేస్తాం, తర్వాత మాట్లాడుకుంటాం. పైన వదిలిన ఖాళీలో తీర్మానాన్ని, సభ రాతకోతలు చూసే విలాస్ తీరిగ్గా మా సర్కారు భాష మరాఠీలో రాస్తాడు. విలాస్, సాంబన్న కలిసి ఈత నేర్చుకున్నవాళ్లు. పైన ఖాళీ ఎందుకని చివరిసారి సంతకాలు పెట్టిన రోజు సాంబన్న భార్య రాజుబాయి అడిగింది కూడా. సాంబన్న నవ్వేశాడు.

"విలాస్ మనోడే. పెట్టుండ్రి, నేనున్న గద."

ఆ ఖాళీలోనే విలాస్ ఊరిని రాసిచ్చేశాడు. పైగా సాంబన్న చెబితేనే రాశానని చాటాడు. మేం సిగ్గులేకుండా నమ్మాం. పెట్టమన్నది ఆయనే కదా అన్నాం. మొదట మొహం తిప్పుకున్నది నేనే. ఆయన మిర్చి ఏరడానికి ఒక్క మనిషి పోలేదు. చాయ్ దుకాణంలో ఆయన కూర్చుంటే మిగతావాళ్లం లేచాం. మళ్లీ సభ పెడదాం రమ్మని గడపగడపకూ తిరిగాడు.

"నేను తప్పు జేసిన. అమ్ముడు మాత్రం పోలె," అన్నాడు మా వాకిట్లో నిలబడి. నేను తలుపేసుకున్నాను.

వేలు చూపిస్తే ఊరంతా కదిలిన మనిషి, చివరికి ఒంటరిగా పోయి లారీలకు అడ్డం నిలబడ్డాడు. లారీ ఆగలేదు. చూసుకోలేదని డ్రైవరు చెప్పాడట.

పంచనామా అయి శవం ఇల్లు చేరింది. అహేరిలో కాలేజీ చదివే మా ఊరి పిల్ల నిఖిత వచ్చి, ఆ కాగితం రాజుబాయిని అడిగి తీసుకుని అందరి ముందూ చదివింది. సాంబన్న ఒక్కడు వ్యతిరేకించాడు, మిగతా ఊరంతా ఒప్పుకుంది అని రాసి ఉంది. సాంబన్న ఒప్పుకున్నాడంటే ఏ ఆఫీసులోనూ నమ్మరని విలాస్‌కు తెలుసు. మాకే తెలియలేదు. సాంబన్నకు మరాఠీ చదవడం రాదు. వచ్చినవాళ్లు మాలో ఇరవై మంది ఉన్నాం. ఒక్కరం చదవలేదు.

ఏడుస్తూ పాడె కట్టాం. ఎత్తబోతే రాజుబాయి అడ్డం వచ్చింది.

"బతికున్నప్పుడు పక్కన నిలబడనోళ్లు ఇప్పుడు మోసుడెందుకు? పోయి లారీలు ఆపుండ్రి. గప్పుడు ముట్టుండ్రి."

పాడెను వాకిట్లోనే వదిలి ఏటికి పోయాం. ముసలివాళ్లు, బాలింతలు కూడా వచ్చి లారీల ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చి, ఊరు ఒప్పుకున్నట్టు కాగితం ఉంది, లేవండి అన్నారు. నేను లేచి అధికారికి ఎదురుగా నిలబడ్డాను.

"సంతకం నాదే సారూ. సదవకుండ పెట్టిన. ఇగ నన్ను ఇక్కడికెల్లి లేపలేరు."

లాఠీలు లేచాయి. జనం లేవలేదు. పొద్దు వాలేసరికి లారీలు ఖాళీగా వెనక్కి తిరిగాయి. నాతో కలిపి పదకొండు మందిని జీపుల్లో ఎక్కించారు. జీపు మా వీధిలోంచే పోయింది. ఏటి నుంచి వచ్చిన ఆడవాళ్లు రాజుబాయి ముందు నిలబడి ఉన్నారు. ఆమె తల ఊపింది. వాళ్లు పాడె ఎత్తుకున్నారు.

సాంబన్నను మోసే భాగ్యం నాకు దక్కలేదు.