బేకరీవాడి నాలుక

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. అననివ్వండి, నాకేం! జన్యువులు చూసి ఎవరికి ఏ తిండి పడుతుందో చెప్పే డైటీషియన్ మా అమ్మాయి. నా బేకరీకి వచ్చిన ప్రతివాడికీ బన్నుతో పాటు ఆ సంగతి కూడా వడ్డిస్తాను.

నాకు మాత్రం చాన్నాళ్లుగా కడుపు ఉబ్బరం, నీరసం. చొక్కాలు వదులైపోయాయి. వయసే కారణమన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా! అమ్మాయి ఊరుకోలేదు. జన్యు పరీక్ష కోసమని ఒక చిన్న గొట్టం తెచ్చింది.

"ఇందులో ఉమ్ము నాన్నా. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు."

ఉమ్మాను. అందులో పిండి కలిసిందని ల్యాబు వాళ్లు మళ్లీ పంపమన్నారు.

"ఏం తిన్నావు?"

"ఒట్టు, ఏమీ తినలేదు. పిండిముద్ద రుచి చూశానంతే."

"అది తినడం కాదా?"

"బేకరీలో కాదు!"

మా ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వుతుంది మరి, తనకేం తెలుసు? కలిపిన ముద్దలోంచి చిటికెడు నాలుక మీద వేసుకోనిదే నాకు చెయ్యాడదు. ఈ వీధిలో నా రొట్టెకు పేరు తెచ్చింది ఆ నాలుకే. రెండోసారి అమ్మాయి ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

గోధుమ పడని జబ్బుకు దారితీసే జన్యువు నాలో ఉందని తేలింది. "అదున్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు" అని తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్షా, పేగు పరీక్షా జబ్బేనని తేల్చాయి.

"ఇక గోధుమ రవ్వంత కూడా నోట్లో పెట్టకూడదు నాన్నా. పిండి దగ్గర మాస్కు తియ్యకూడదు."

"చిటికెడు ముద్ద?"

"అదీ వద్దు."

"అయితే షాపు మూసెయ్యమను! రుచి చూడని బేకరీవాడెందుకు?"

అరిచాను గానీ, లోపల భయమేసింది. నాలుక లేకపోతే నేనెవర్ని?

"మూస్తే మూసుకో. తినడం మాత్రం కుదరదు" అంది, తండ్రినని మొహమాటపడకుండా. అంత కోపంలోనూ నాకు గర్వంగానే అనిపించింది. వెళ్తూ వెళ్తూ అంది: "పొద్దున వస్తా. రుచి నేను చూస్తాలే."

చదువుకున్నంత తేలికనుకుందా?

పొద్దున మాస్కు కట్టుకుని పిండి కలిపాను. కావాలనే ఉప్పు తగ్గించాను. అమ్మాయి వచ్చి చేతులు కడుక్కుంది.

"నీకూ ఆ జన్యువు ఉందేమో?" చటుక్కున గుర్తొచ్చి అడ్డుపడ్డాను.

"పరీక్ష చేయించుకున్నా. నాకు రాలేదు."

చిటికెడు ముద్ద నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. నేనూ అచ్చం అలాగే మూసుకుంటాను.

"ఉప్పు తక్కువైంది నాన్నా. ఏంటి, పరధ్యానంలో ఉన్నావా?"

మాస్కు ఉండబట్టి నా మొహం కనపడలేదు, బతికిపోయాను. ఉప్పు డబ్బా తన చేతికిచ్చాను.

ఆరోజు రొట్టె కొన్న ప్రతివాడికీ చెప్పాను: "మా అమ్మాయికి నా జబ్బు రాలేదండీ. నా నాలుక వచ్చింది."