పి.పి. నంబరు

అన్నం మాడిన వాసన వీధి చివరిదాకా కొట్టింది. నాగదుర్గ అప్పుడు వీధి చివరే ఉంది, చిట్టియ్య వాకిట్లో, ఒగురుస్తూ.

"చిట్టియ్యగారూ, ఫోనండీ! మీ అన్నయ్యగారికి బాగోలేదంట. లైన్లో ఉన్నారు, రండి!"

ఆయన పరిగెత్తాడు. వెనకాలే ఆమె. ఇంటికొచ్చేసరికి మొగుడు దొరబాబు గిన్నె మూత ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఊళ్లోవాళ్ల కబుర్లకి మన అన్నం మాడాలా ఏంటి?"

అది తొంభై నాలుగు. ఆ వీధి మొత్తానికి ఫోను వాళ్లింట్లోనే. మావగారు అమ్మిరాజుగారు వేయించారు. పాతిక ఇళ్లవాళ్లు ఉత్తరాల మీద, శుభలేఖల మీద ఆ నంబరే వేసుకుని పక్కన పి.పి. అని రాసుకునేవారు. ఆ నంబరుకి చేస్తే పక్కింటివాళ్లని పిలిచి పెడతారని దానర్థం. పిలిచేదెవరో ఎక్కడా రాయలేదు. గొప్ప మావగారిది, కనెక్షను మొగుడి పేరున, కాళ్లు నాగదుర్గవి. చేతినిండా పిండి ఉన్నా, తలంటు సగంలో ఉన్నా, ఎనిమిదో నెల కడుపుతో ఉన్నా పరిగెత్తింది. అవతల ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతూ ఉంటుంది మరి. "ఫోను పెట్టించడమేమో గానీ కోడలికి ఊరు తిరగడానికి వంక దొరికింది" అనేది అత్తగారు మహాలక్ష్మమ్మ. అన్నా సరే, నాగదుర్గ ఒక్క కబురునీ తన దగ్గర నిలవుంచలేదు. పురుడైనా, చావైనా, అబ్బాయి పాసయ్యాడన్నా, చెప్పేదాకా ఆమెకి ఊపిరాడేది కాదు. ఆ కబురు వాళ్లది. తను దాచుకోవడానికి ఎవరు?

తర్వాత సెల్లులొచ్చాయి. ఎంతలో వచ్చాయని! ముందు దొరబాబు కొన్నాడు. ఆర్నెల్లకి చిట్టియ్య కొడుకు. ఏడాది తిరక్కుండా వాళ్ల రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి కూడా జేబులోంచి తీసి మాట్లాడుతున్నాడు. ఫోను కోసం ఆ గుమ్మం ఎక్కేవాళ్లు లేరు. మొదట్లో నాగదుర్గకి హాయిగానే ఉంది. కూర్చుని అన్నం తినడం అలవాటైంది. ఆనక మెల్లిగా తెలిసొచ్చింది, వీధిలో ఏం జరిగినా అందరికంటే ముందు తెలిసిన మనిషికి ఇప్పుడు పక్కింటి పెళ్లి కూడా బ్యాండు మోగితే తప్ప తెలియడం లేదని. ఒకరోజు సిగ్గు విడిచి అడిగింది.

"ఏవండీ, నాకూ ఒక సెల్లు తీసుకుంటే..."

"నీకెవరు చేస్తారే? మీవాళ్లకి నా నంబరుందిగా. నాకు చేస్తే నీకు చెప్పనా?"

ఆ మాట నమ్మింది. పదేళ్లు ఊరందరి కబుర్లూ మోసింది కదా, ఎవరికైనా అదే పద్ధతి అనుకుంది. తర్వాత నెలకి ముందుగదిలో ఫోను కనపడలేదు. స్టూలు మీద తను అల్లిన క్రోషా గుడ్డ మాత్రం ఉంది. రిపేరుకిచ్చానన్నాడు. అదీ నమ్మింది. రోజూ ఆ గుడ్డ దులిపి పరిచేది.

ఒక మంగళవారం చెరువు సరుకు కొనే కంపెనీవాళ్లు నలుగురు భోజనానికి వచ్చారు. కోడికూర, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, ఆత్రేయపురం పూతరేకులు. తెల్లారి లేచిన మనిషి నడుం వాల్చలేదు. దొరబాబు జేబులో ఫోను మోగడం వింది. ఎనిమిదింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి. ప్రతిసారీ అరుగు మీదికి వెళ్లి మాట్లాడొచ్చాడు. పన్నెండింటికి మాత్రం అటునుంచటే వంటింట్లోకి వచ్చి, "పులుసులో ఉప్పు చూశావా?" అన్నాడు. చూసింది. సరిపోయిందంది.

మూడింటికి వాళ్లని కారెక్కించి వచ్చి, చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు. "మీ అమ్మకి కాస్త బాగోలేదంట. బయల్దేరు."

ఇద్దరూ సామర్లకోటలో ఆమె పుట్టింటికి చేరేసరికి అయిదు దాటింది. అమ్మని అప్పటికే వసారాలో పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కట్టేసి ఉన్నాయి. చెల్లెలు లావణ్య మీద పడి కొట్టినట్టే అడిగింది.

"కాకినాడ నుంచి సామర్లకోటకి అయిదు గంటలా అక్కా? ఎక్కడ చచ్చావే?"

నాగదుర్గకి అర్థం కాలేదు.

"ఇంటికి చేస్తే ఈ నంబరు వాడుకలో లేదంటోంది. బావకి చేశా. అమ్మ నిన్ను చూడాలంటోందని ఎనిమిదింటికే చెప్పా. బయల్దేరుతున్నాం అన్నాడు. పదింటికి దారిలో ఉన్నాం అన్నాడు. పన్నెండింటికి కాకినాడలో బస్సు మారుతున్నాం అన్నాడు. అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. ద్రాక్షారామం దాటారమ్మా, కాకినాడ వచ్చేశారమ్మా అని చెబుతూనే ఉన్నా. ఒంటిగంటకి పోయింది. అప్పుడు చేస్తే అసలు ఎత్తలేదు."

ఒంటిగంటకి నాగదుర్గ పూతరేకులు వడ్డిస్తోంది.

వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిని వీడు బస్సెక్కించాడు. ఊళ్లు దాటించాడు. ఆ పాత ఫోనుకి ఈ అబద్ధం చేతనయ్యేది కాదు. అది తీగతో గోడకి కట్టేసి ఉండేది. ఎత్తినవాళ్లు ఇంట్లో ఉన్నట్టే లెక్క.

దొరబాబు వాకిట్లో ఉన్నాడు. నాగదుర్గ ఏడవకుండా వెళ్లి అడిగింది. "దారిలో ఉన్నామన్నారా?"

"చెబితే పొయ్యి ఆర్పేసి కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా? ఎవడి కబురో వస్తేనే అన్నం మాడబెట్టినదానివి."

పదేళ్లు గుర్తుపెట్టుకున్నాడు మాడిన అన్నాన్ని.

పెద్దకార్యానికి వచ్చి భోంచేసి వెళ్లాడు. వెళ్తూ చెప్పాడు, గురువారం కంపెనీవాళ్లు మళ్లీ వస్తున్నారని, ఆ పొద్దున్న మొదటి బస్సుకే వచ్చెయ్యాలని. నాగదుర్గ తలూపింది.

గురువారం ఎనిమిదింటికి ఆమె అమ్మ మంచం మీద కూర్చుని కాఫీ తాగుతోంది. లావణ్య ఫోనుని అరచేత్తో మూసి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"బావే అక్కా. కోళ్లు తెచ్చేశాడంట. ఎక్కడిదాకా వచ్చావో అడుగుతున్నాడు."

పదేళ్లలో ఫోనుకి లేవకపోవడం నాగదుర్గకి అదే మొదలు.

"దారిలో ఉందని చెప్పు" అంది. కాఫీ ఇంకో గుక్క తాగింది. "పన్నెండింటికి మళ్లీ చేస్తాడు. అప్పుడు కాకినాడలో బస్సు మారుతోందని చెప్పు."