ఏడు మంచాల నులక

మా ఊరి మగాళ్ళ చేతికి మైకు ఇస్తే చాలు, నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆ రోజు మైకు ఇచ్చినవాడు సర్కారు ఆఫీసరు కావడం మా ఖర్మ.

జగ్గయ్యపేట పక్కన మాది చిన్న ఊరు. ఊరి చివర రాతినేలలోంచి నీళ్ళు వాటంతట అవే ఉబికి వచ్చే లోతైన ఊట ఒకటి ఉంది. బుగ్గ అంటాం. దానికి కాస్త ఎడంగా సున్నపురాయి క్వారీ. ఆ క్వారీని బుగ్గ గట్టుదాకా పెంచుకుంటామని యజమానులు అడిగారు. ఊరివాళ్ళు ఏమంటారో విని రాసుకోవడానికి బడి ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు.

మా అమ్మ లూర్దమ్మకు బుగ్గ కాలువ కింద మల్లెతోట ఉంది. నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆ తోటే. ఇప్పటికీ అమ్మ పూలు కోసి పేటకు పంపుతుంది. క్వారీ గుంట లోతు పెరిగినకొద్దీ బుగ్గలో నీళ్ళు దిగిపోతున్నాయి. పోయిన ఎండాకాలం కాలువ పారనే లేదు. బుగ్గ పోతే తోట పోతుంది, తోట పోతే అమ్మకు ఇంకేమీ లేదు. అందుకే నేను నందిగామలో పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వచ్చాను.

సభకు ముందే మా ఊరి వరప్రసాదరావు మాస్టారిని పట్టుకున్నాను. రిటైరయ్యాక ఆయన కూడా నందిగామలోనే మేడ కట్టుకున్నాడు. ఊరికి పెళ్ళికో చావుకో వస్తాడు, భోంచేసి పోతాడు.

"మాస్టారూ, నీళ్ళు తగ్గిపోతున్నాయని చెప్పండి చాలు. ఇంకేమీ వద్దు."

ఆయన ఏదో బూతుమాట విన్నట్టు చూశాడు.

"అదేం మాటమ్మా మెర్లిన్? బయటోళ్ళ ముందు మన బుగ్గ ఎండిపోతందని మనమే చెప్పుకోవాలా? ఊరి పరువేం గాను?"

పక్కనే మా ఊరి అయూబ్ తన ఆటోలోంచి మినరల్ వాటర్ డబ్బాలు దించుతున్నాడు. సభకొచ్చినవాళ్ళంతా తాగేది అవే.

"పరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు మంచినీళ్ళు తాగండి మాస్టారూ" అన్నాడు నవ్వుతూ. ఆయన సిగ్గులేకుండా రెండు గ్లాసులు తాగాడు.

తర్వాత మైకు అందుకుని "మా చిన్నతనంలో..." అని మొదలుపెట్టాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నీళ్ళు అమృతం అన్నాడు, అద్దం అన్నాడు. ఏడు మంచాల నులక విప్పి, ముడేసి, చివర రాయి కట్టి వదిలినా బుగ్గ అడుగు తగల్లేదట. ఈ మహానుభావుడు ఈత రాక గట్టుమీద మిగతావాళ్ళ బట్టలకు కాపలా కూర్చునేవాడని మా మేనమామ చెప్పేవాడు. తర్వాత ఫ్రాన్సిస్ లేచి పన్నెండు మంచాలన్నాడు. ఖయ్యూమ్ మరీ దారుణం. ఊళ్ళో మంచాలన్నీ ఊడదీశారట, ఆ రాత్రి ఊరంతా నేలమీదే పడుకుందట. జనం ఈలలేశారు. ఈ లోతులు కొలిచిన వీరుల్లో ఒక్కడు కూడా బుగ్గలో తట్టెడు పూడిక తీసిన పాపాన పోలేదు.

నాకూ చిన్నతనం ఉంది. అమ్మ పూలు కోస్తుంటే నేను బుగ్గలో మునిగేదాన్ని. లోపల రాతి సందుల్లోంచి చల్లటి నీళ్ళు తోసుకొచ్చి పొట్టకు తగిలేవి. ఒక మూల ఇసక, ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడేది. నాకు బాప్తిస్మం ఇచ్చింది కూడా అక్కడే. పాస్టరు గారు పైకి లేపుతుంటే ఇంకాసేపు ముంచి ఉంచితే బాగుండుననిపించింది. ఆ నీళ్ళంటే నాకు ప్రాణం. వాటి గురించి కోతలు కోయాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

నా వంతు రాగానే నీళ్ళు తగ్గాయని, కాలువ ఆగిపోయిందని, అమ్మ తోట వాడిపోతోందని చెప్పాను. ఆఫీసరు మొదటిసారి తలెత్తి చూశాడు. అమ్మను చెయ్యి పట్టుకుని మైకు దగ్గరకు తీసుకొచ్చాను. అంతలో పక్క ఊరివాడెవడో వెనకనుంచి అరిచాడు.

"బుగ్గంట బుగ్గ! ఆ గుంటలో బర్రె గూడా మునగదు!"

అందరూ నవ్వారు. అమ్మ మొహం ఎర్రబడింది.

"ఏమ్మా, మీ తోటకి నీళ్ళు చాలడం లేదా?" అని అడిగాడు ఆఫీసరు.

అమ్మ చెంగు నడుముకు బిగించింది.

"చాలకపోవడమేందయ్యా? మా బుగ్గకి ఎండడమంటే తెలీదు. మీరు ఎంత తవ్వుకుంటారో తవ్వుకోండి, దాని అడుగు మీకు దొరకదు!"

షామియానా చప్పట్లతో మోగిపోయింది. ఆఫీసరు గుమాస్తా వైపు తిరిగి, "ఎంత తవ్వినా ఊటకు నష్టం లేదని తోట సొంతదారే చెప్పారు, రాసుకో" అన్నాడు. క్వారీ మేనేజరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన కొడుతున్నాడు కదా అని మా వెర్రిబాగుల జనం ఇంకోసారి కొట్టారు. మాస్టారైతే వచ్చి అమ్మకు దండం పెట్టాడు. వాళ్ళందరినీ వరసపెట్టి కడిగేద్దామని నేను నోరు తెరిచాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు కూడా ఆమె మొహం అంతగా వెలిగి ఉండదు.

"విన్నావటే? అంత గట్టిగా చెప్పా. ఇంక మన బుగ్గ జోలికి రార్లే" అంది.

ఊరు ఊరంతటినీ తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.