రాజుగారి ఎడమచేతివాటం

నేను ఒక ఎడమచేతివాటం రైఫిల్ని. ఒట్టి చేతివాటం అంటే చిల్లర దొంగతనం. ముందు 'ఎడమ' చేర్చగానే ఆ మచ్చ పోయి, పుట్టుకతో వచ్చిన గుణం అయిపోతుంది. కాబట్టి కంగారు పడకండి, నా దగ్గర మీ జేబులు భద్రమే. మీ ప్రాణాలూ భద్రమే. పది మీటర్ల దూరంలో గసగసాల గింజంత చుక్క ఉంటుంది. దాన్ని కొట్టడమే నా బతుకు. మందుగుండు నాకు పడదు, గాలితో పనిచేస్తాను.

కాకినాడలో మా క్లబ్బు ఇనప బీరువాలో నాకు ఇరుగుపొరుగు ఉన్నారు. పై అరలో పాయింట్ టూ టూ రైఫిల్ ఉంటుంది. తూటాతో యాభై మీటర్లు కాలుస్తుంది. దాని కోసం మనిషి ఒకే పోటీలో మోకాలి మీద కూర్చోవాలి, బోర్లా పడుకోవాలి, ఆఖరికి లేచి నిలబడాలి. ఇన్ని దండాలు దేవుడికైనా పెట్టరు! కింది అరలో మూడొందల మీటర్లు కాల్చే పెద్దాయన ఉన్నాడు. ఆయనతో కాల్చేందుకు ఈ చుట్టుపక్కల జాగా లేక ఏళ్ళ తరబడి పడుకునే ఉన్నాడు. వీళ్ళిద్దరూ నన్ను 'గాలిది' అంటారు, గాలి మాటలు, గాలి తిరుగుళ్ళు అన్నట్టు. అననీండి. ఆ బీరువాలో రోజూ బయటికి వచ్చేది నేనొక్కదాన్నే.

పుట్టింది జర్మనీలో. నా పిడిని ఎడమ అరచేతికి, నా చెక్కను ఎడమ చెంపకు ఆనేలా తీర్చారు. ఇండియాకు రావడం మాత్రం ఒక మాట తేడావల్ల జరిగింది.

దంతులూరి నరసరాజుగారు రొయ్యల చెరువుల ఆసామి. ఉన్నట్టుండి ఆయనకు షూటింగ్ మీద మనసు పుట్టింది. రైఫిల్ తెప్పించే డీలరు ఫోన్లో, "ఏ చేత్తో పడతారండీ?" అని అడిగాడు. "ఎడం చేత్తోనే కదండీ, బరువంతా దాని మీదేగా!" అన్నారు రాజుగారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కుడిచేతివాటం మనిషి రైఫిల్ బరువును ఎడమ చేతి మీదే మోస్తాడు, కుడిచేత్తో ట్రిగ్గర్ నొక్కుతాడు. డీలరు అడిగింది ట్రిగ్గర్ చెయ్యి. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు, ఇద్దరికీ చక్కగా అర్థమైంది, నేను దిగాను.

క్లబ్బులో అందరి ముందూ పెట్టె తెరిచారు. పిల్లలకు గురి నేర్పే ఖాజావలీ మాస్టారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి నోరెళ్ళబెట్టారు.

"ఇదేంటండి రాజుగారూ, ఎడంచేతివాటం రైఫిలొచ్చింది!"

పొరపాటైందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. రాజుగారు చుట్టూ ఉన్న మొహాలు చూశారు, మీసం సవరించుకున్నారు. "రాక మరి! నాది ఎడంచేతివాటమే కదా మాస్టారూ. మీరెప్పుడూ చూళ్ళేదా?" అన్నారు.

అయిపోయింది. ఆ పూటనుంచి పాపం ఆయన ఎడమచేతివాటం మనిషి. క్యాంటీన్లో ఎవరో, "ఆయ్, మరి ఇడ్లీ కుడిచేత్తో లాగించేస్తున్నారేంటండీ?" అని అడిగితే, "తిండి వేరు, గురి వేరు" అని గదమాయించారు. నన్ను ఎడమ భుజానికెత్తి, రాని కన్నుతో చూసి, రాని వేలితో నొక్కేవారు. నేను వదిలే సీసపు పెల్లెట్లు చుక్కను వదిలేసి మిగతా కాగితమంతా తిరిగొచ్చేవి. "దీంట్లో గాలి తగ్గిందయ్యా" అని నన్నే తిట్టేవారు. నోరుంటే కడిగేసేదాన్ని. ఏళ్ళు గడిచాయి, ఆయన పరువు నిలబడింది, స్కోరు మాత్రం లేవలేదు.

అదే క్లబ్బులో కాటం సుప్రజ అనే ఫార్మసీ చదివే అమ్మాయి ఉండేది. ఆమెకు మాత్రం ఇది పరువుకోసం ఆట కాదు, ప్రాణం. క్లబ్బు రైఫిల్‌తో కుడి భుజం మీద కాల్చేది. పోటీ మొదట్లో ప్రతి గుండుకూ పదికి పది పడేవి. మాస్టారు చెప్పినట్టు ఎడమ కన్ను మూసీ మూసీ, సగం పోటీ దాటేసరికి రెప్ప వణికి, మొహం బిగుసుకుని, గురి చెదిరేది. రాష్ట్ర జట్టు ప్రతిసారీ చేతిదాకా వచ్చి జారిపోయేది. ఈసారి కూడా రాకపోతే ఇక మానేస్తానని వాళ్ళమ్మకు మాటిచ్చింది.

ఒకరోజు ఆమె చేతి తొడుగు కుట్లు ఊడిపోయాయి. రేంజ్ గట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. కుడి కన్ను మూసి, సూదిని ఎడమ కంటి దగ్గరకు తెచ్చుకుంది. అటుగా పోతున్న మాస్టారు ఆగిపోయారు.

"అమ్మాయ్, రెండు కళ్ళూ తెరిచి ఆ గడియారానికి వేలు చూపించు. ఇప్పుడు ఎడం కన్ను మూయి."

"వేలు పక్కకు జరిగిపోయిందండి!"

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "చేయి కుడివాటం, కన్ను ఎడంవాటం! నువ్వు గురి చూసే కన్నునే నేను మూయించాను తల్లీ. నా బుద్ధి గడ్డి తింది."

ఇక కావలసింది ఎడమ భుజం మీద పట్టే రైఫిల్. ఆ జిల్లాకంతటికీ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. అయితే ఒకరి ఒంటికి బిగించిన రైఫిల్ మరొకరికి చెప్పులు మారినట్టుంటుంది. సుప్రజకు బిగిస్తే నేను పూర్తిగా ఆమెకే ఉండాలి. మాస్టారు మొహమాటపడుతూనే అడిగారు.

రాజుగారు ఇరుక్కున్నారు. ఇస్తే, మీరు దేంతో కాలుస్తారండీ అని నలుగురూ అడుగుతారు. "ఇవ్వకేం మాస్టారూ! కానీ మా ఎడంచేతివాటం వాళ్ళకు వేరే రైఫిల్ పనికిరాదు కదా" అన్నారు, ఎటో చూస్తూ. చుట్టూ ఉన్నవాళ్ళు నిజమే పాపం అన్నారు.

సుప్రజ కూడా అంది. "పర్లేదండి రాజుగారూ. మీ చెయ్యి అలాంటిది, మీరు మాత్రం ఏం చేస్తారు? బాధపడకండి." వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అంది. ఆయన చేతిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ మాటకు ఆయన అరచేతికి చెమటపట్టింది.

ఆ ఆదివారం సభ్యులంతా ఉండగా రాజుగారు వచ్చారు. నన్ను ముట్టుకోలేదు. క్లబ్బు రైఫిల్ తీసుకుని కుడి భుజానికెత్తారు. మొదటి పెల్లెట్ చుక్కలో పడింది. రెండోది దాని పక్కనే పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. రాజుగారి మొహం మాత్రం వెలగలేదు, వాడిపోయింది. ఇన్నేళ్ళూ తను ఏం పోగొట్టుకున్నదీ ఆ కాగితం మీద కనిపించింది ఆయనకు.

"నాది కుడిచెయ్యేనండి" అన్నారు, రైఫిల్ దించి. "ఫోన్లో ఏదో అన్నాను, అది తప్పని మీ ముందు ఒప్పుకోడానికి సిగ్గేసింది. నా సిగ్గు నాతో పోయేది. ఈ పిల్ల నా చెయ్యి చూసి జాలిపడింది మాస్టారూ, ఆనాటినుంచి అన్నం సయించడంలేదు."

ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. మాస్టారు తలెత్తి చూసేసరికి ఆపేశారు. నన్ను తెచ్చి సుప్రజ చేతుల్లో పెట్టింది రాజుగారే.

చంటిపిల్ల నడకలా మొదలైంది మా సావాసం. ఆమె వేలు తడబడేది, భుజం నొప్పెట్టేది, విసుగొచ్చి ఏడ్చేసేది కూడా. కానీ ఇప్పుడు కన్ను మూయాల్సిన పనిలేదు. వానలు వెలిసి చలి వచ్చేసరికి నా బరువు ఆమెకు అలవాటైంది.

ఎంపిక పోటీలో సగం దాటింది. ఎప్పుడూ రెప్ప వణికే చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. నా చెక్కకు ఆనిన చెంప మెత్తగానే ఉంది. చివరి పెల్లెట్ వదిలాక ఆమె స్కోరు చూపే తెర వంక చూడలేదు, మాస్టారి వంక చూసింది. ఆయన వెనక్కి చూడమని సైగ చేశారు. వెనక బెంచీ మీద రాజుగారు అంత మీసమూ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. జట్టులో ఆఖరి చోటు ఆమెకు దక్కింది.

నన్ను పెట్టెలో పడుకోబెట్టి, మూత వెయ్యకుండానే ఇంటికి ఫోన్ కలిపింది. స్కోరు చెప్పలేదు, ఎన్నో స్థానమో చెప్పలేదు.

"అమ్మా, మానక్కర్లేదే" అంది.