ఎర్రచుక్క సీసా

"మీది ఏ ఊరండీ? తలకి బోరునీళ్లా, కాలవనీళ్లా?"

ఎదురుగా ఉన్న అమ్మాయి జడ కొసను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తూ అడిగింది ఫర్హానా. తాడేపల్లిగూడెం ఫ్యాన్సీ షాపులో ఏళ్ల తరబడి ఆమె మొదటి ప్రశ్న అదే. కొల్లేటి వైపు ఉప్పునీళ్లకి ఒక షాంపూ, మాడు జిడ్డోడేవాళ్లకి ఒకటి, ఉంగరాల జుట్టుకి ఇంకొకటి. తన తలకి మాత్రం రూపాయి ప్యాకెట్టే.

కండిషనర్ అమ్మినప్పుడల్లా మూత మీద ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెడుతుంది. "చుక్క ఉన్నది షాంపూ తరవాతండీ. కొసలకి రాసి కడిగెయ్యాలి. నూనెలా మాడుకి పట్టించి పడుకోకండి," అని చెబుతుంది. ఇక్కడివాళ్లకి తలకి రాసేదేదైనా నూనె కిందే లెక్క మరి.

ఈ రోజు ఒకే మూతకి రెండుసార్లు చుక్క పెట్టింది. పొద్దున్నే షాపుకి ఫోనొచ్చింది. "గణపవరం నుంచండీ, సుబ్బాయమ్మగారి కోడలు రమ్యశ్రీని. మా అత్తయ్యగారి జుట్టంతా ఊడిపోయిందండీ. మీరిచ్చిన సీసా సంగతి మాట్లాడాలి. సాయంత్రం వస్తాను."

సుబ్బాయమ్మ గుర్తుంది. శ్రావణమాసం రద్దీలో వచ్చింది. ఫర్హానా జడ ముట్టుకోగానే నాలుగు వెంట్రుకలు ఊడొస్తే, ఆవిడే గబుక్కున లాక్కుని కొంగులో దాచుకుంది. "బోరునీళ్ల వల్లేలెండి," అని కండిషనర్ సీసా ఇచ్చింది ఫర్హానా. ఆ సీసాకి చుక్క పెట్టిందా? కడిగెయ్యమని చెప్పిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఫర్హానా. ఎవరి చుండ్రు తగ్గకపోయినా తప్పు తనదే అనుకుంటుంది. యజమాని అబ్బాయిరాజు దగ్గినా ఉలిక్కిపడింది. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెవరూ పెట్టుకోరు. భర్త నబీ మోకాళ్లు పట్టేసి కుట్టుమిషను తొక్కడం మానేశాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూత పెట్టేసింది. తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసింది.

దీపాలు పెట్టే వేళకి రమ్యశ్రీ వచ్చి, సీసా బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదేనండీ. మా ఓనరుగారికి మాత్రం చెప్పకండి," అంది ఫర్హానా.

"మీ తప్పేం లేదండీ. అత్తయ్యగారు పోయారు. జుట్టు ఊడింది ఈ సీసా వల్లేనని మాకందరికీ చెప్పారు. మేం మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు. ఏలూరులో చెల్లెలింటికని వెళ్లి, క్యాన్సరుకి కీమో పెట్టించుకున్నారంట. తెలిస్తే వైద్యం కోసం మా ఆయన చేపల చెరువు అమ్మేస్తారని ఆవిడ భయం. ఆ చెల్లెలుగారే నిన్న చెప్పారు. మీకు చెప్పి వెళ్దామని వచ్చానండీ."

ఫర్హానాకి ఏడుపొచ్చింది. రోజంతా తన భయమే తను మోసింది. కొంగులో వెంట్రుకలు దాచుకున్న మనిషి భయం ఆ రోజు కంటికి ఆనలేదు.

రమ్యశ్రీ వెళ్లిపోయింది. బల్ల మీద సీసా ఉండిపోయింది. సీలు చెక్కుచెదరలేదు. మూత మీద ఎర్రచుక్క ఉంది.