విన్నట్టు రాసుకున్నారు

ఏంజెలిన్ దగ్గరికి ట్యూషన్‌కు వచ్చేవాళ్ళలో రాజ్యాంగం మీద ఇష్టంతో వచ్చేవాళ్ళు చాలా తక్కువ. లా కాలేజీలో ఆ పేపరు తప్పి, ఈసారైనా ఎవరో ఒకరు గట్టెక్కించకపోతారా అని కావలిలో ఆమె మేడ మీది గదికి వస్తారు. పరీక్షలో వచ్చే ప్రశ్నలు చెప్పమంటారు. చెప్పినవి బట్టీపట్టి వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి ఇదే తంతు చూసి ఆమెకు విసుగు పుట్టింది.

అందుకే గిరిబాబు వచ్చినప్పుడు ఆమె లోపల్లోపల సంబరపడింది. అతను సముద్రం పక్కనున్న ఒక మండలంలో డిప్యూటీ తాసిల్దారు. గ్రూప్ వన్ మెయిన్స్ రాస్తున్నాడు. మిగతా పేపర్లన్నీ సొంతంగా చదువుకున్నాడు కానీ రాజ్యాంగం, చట్టం, నైతికత కలిపి ఇచ్చే పేపరొకటి కొరుకుడు పడలేదు. పదిమందిలో కూర్చుంటే తలకెక్కదని, తనొక్కడికే చెప్పమని అడిగాడు. ఆదివారం మధ్యాహ్నాలు వచ్చేవాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి, గుమ్మంలో ఆగి, ఆమె రమ్మన్నాకే లోపలికి అడుగుపెట్టేవాడు. టీ ఇస్తే వద్దనేవాడు. ఆఫీసులో కూడా ఎవరి చేతి నీళ్ళూ ముట్టననీ, చెయ్యి చాపే అలవాటు తనకు లేదనీ ఒకసారి మాటల్లో చెప్పాడు. అది నిజం కాదేమోనన్న అనుమానం ఆమెకు తర్వాత కూడా రాలేదు.

చదువు చెప్పేవాళ్ళకు అతని ప్రశ్నలు విందుభోజనంలా ఉండేవి. పద్నాలుగో అధికరణంలో సమానత్వం అన్నదాని లోపల అధికారి ఇష్టారాజ్యానికి అడ్డుకట్ట కూడా ఉందని ఆమె చెబితే, ఇష్టారాజ్యమని కోర్టు దేన్ని అంటుందో విడమరిచి చెప్పమనేవాడు. ఇరవై ఒకటో అధికరణం దగ్గర బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళ కేసు చెప్పింది. బతుకుతెరువు కూడా ప్రాణంలో భాగమే అన్న మాట దగ్గర ఆమె ఎప్పుడూ పుస్తకం మూసేసి చెబుతుంది. ఆ రోజూ మూసేసింది. ఆక్రమణలో ఉన్నవాడినైనా వినకుండా తీసెయ్యకూడదనీ, వినడమంటే కుర్చీలో కూర్చుని తలాడించడం కాదనీ, విన్న తర్వాత అధికారి మనసు మారే వీలుండాలనీ చెప్పింది.

గిరిబాబు నోట్‌బుక్‌లోంచి తలెత్తాడు. "మనసు మారే వీలు ఉన్నిందని కోర్టుకు ఎట్లా తెలుస్తుంది మేడం?"

మనసులోకి కోర్టు తొంగిచూడలేదని, ఫైలు చూస్తుందని ఆమె చెప్పింది. నోటీసు సరిగా ఇచ్చారా, తగిన గడువు ఇచ్చారా, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాశారా, ప్రతి అభ్యంతరానికీ కారణం చూపి జవాబిచ్చారా అన్నవి చూస్తుందని వివరించింది. అతను ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఇలాంటి విద్యార్థి ఒక్కడు దొరికితే చాలు అనుకుంది ఆమె ఆ సాయంత్రం.

ఆమె వీధిలో పీతలు అమ్మే మహాలక్ష్మి ఉండేది తూముపాళెంలో. ఉప్పుటేటి కట్ట మీద కొన్ని యానాది కుటుంబాలు గుడిసెలు వేసుకుని, ఏట్లో చేత్తోనే పీతలూ రొయ్యలూ పట్టి బతుకుతున్నాయి. కట్టకు అవతలంతా పెద్దవాళ్ళ రొయ్యల గుంటలు. మహాలక్ష్మి కొన్నాళ్ళు కనిపించకుండా పోయి, ఒకరోజు గంప లేకుండా వచ్చింది. కట్ట ఖాళీ చెయ్యమని నోటీసులు ఇచ్చారట. గుంటల్లోకి లారీలు రావడానికి దారి కావాలట. బుధవారం విచారణ ఉందట. చట్టం తెలిసిన మనిషివి, పక్కన నిలబడమ్మా అని అడిగింది. ఏ మండలమో విన్నాక ఏంజెలిన్ మనసు తేలికపడింది. ఆ ఆఫీసరు తన దగ్గర చదువుకుంటున్నవాడేనని, భయపడవద్దని చెప్పి పంపింది.

బుధవారం కట్ట ఎక్కేసరికి వాసన ముఖానికి కొట్టింది. గుంటల్లో రొయ్యలు పట్టడం అయిపోయింది. అడుగున మిగిలిన నల్లటి బురదనీళ్ళను మోటార్లతో తోడి ఏట్లోకి వదులుతున్నారు. కుళ్ళిన గుడ్ల కంపు. నీటి అంచున తెల్లటి నురగ, దాని మీద పొట్టలు ఉబ్బి తేలిన చిన్న చేపలు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గుడిసెల ముందు పిల్లలు ఆ కంపులోనే ఆడుకుంటున్నారు.

షామియానా వేశారు. జనానికి కుర్చీలు, మంచినీళ్ళ సీసాలు, మైకు, వీడియో తీసే మనిషి, ల్యాప్‌టాప్ ముందు టైపు చేసే అమ్మాయి అన్నీ ఉన్నాయి. ఏంజెలిన్‌ను చూడగానే గిరిబాబు లేచి ఎదురొచ్చాడు. తన పక్కనే కుర్చీ వేయించాడు. ఆమె కూర్చుంది. పక్కనుంటే ఏదైనా తేడా వస్తే చెప్పవచ్చని అనుకుంది. తన శిష్యుడు ఇంత పద్ధతిగా చేస్తున్నాడని కాస్త గర్వపడింది కూడా.

విచారణ మొదలైంది. నోటీసు తెలుగులో చదివి వినిపించారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి, చెప్పదలచుకున్నదంతా చెప్పమన్నారు. ఏ ఆఫీసరూ కుర్చీ చూపించి ఎరుగని మనుషులు అంచు మీద కూర్చుని మాట్లాడారు. మహాలక్ష్మి మైకు పట్టుకోలేదు.

"కట్ట మీదుంటేనే మాకు కూడు సార్. ఏరు పోటెక్కినా, తీసినా నిద్దట్లోనే తెలుస్తాది. మమ్మల్ని తీసకపోయి యాడో రోడ్డు పక్కన పడేస్తే పీతలు ఆడికి నడిచి రావు గదా."

"బాగా చెప్పినావమ్మా," అన్నాడు గిరిబాబు. టైపు చేసే అమ్మాయితో, ఆమె మాట ఆమె అన్నట్టే కొట్టమన్నాడు.

మధ్యలో మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి ఏంజెలిన్ వైపు వంగాడు. ఇంకేమన్నా లోపం ఉందా అని అడిగాడు. వేరే చోటు చూపించకుండా తీసేస్తే ఈ ఆడవాళ్ళు ఏమవుతారో ఆలోచించమని, కట్ట మీదనుంచి కాకుండా గుంటల వెనక నుంచి దారి తీసే వీలుందేమో చూడమని ఆమె చెప్పింది.

"అదెట్లా కుదురుతుంది మేడం. జేసీబీకి నిన్ననే చెప్పేసినాం. తిండి వేళకు వస్తుంది."

ఆమెకు ముందు అర్థం కాలేదు. "మరి ఇదంతా ఎందుకు?"

"మీరే చెప్పినారు గదా, వినకుండా తీస్తే కోర్టు కొట్టేస్తుందని." అతని ముఖంలో వెటకారం లేదు. చెప్పిన పాఠం అప్పజెప్పిన పిల్లవాడి ముఖంలా ఉంది.

అతను మళ్ళీ మైకు తీసుకుని ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టాడు. బతుకుతెరువు ప్రాణంలో భాగమన్న సూత్రాన్ని దృష్టిలో ఉంచుకుని, నివాసుల మాటలను తెరిచిన మనసుతో విని, ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి అంటూ సాగింది. ఆ వాక్యాలన్నీ ఆమెవి. తన గదిలో, తన గొంతుతో, ఇష్టంగా చెప్పినవి. ఎవరో తన నోట్లోంచి నమిలిన ముద్ద తీసి పదిమంది ముందు తింటున్నట్టు ఆమెకు అనిపించింది. లేవబోయింది. ఆలోగానే ఎవరో వెనకనుంచి ఆమె భుజాల మీద శాలువా కప్పారు. రాజ్యాంగ శాస్త్ర నిపుణురాలు, మా గురువుగారు ఏంజెలిన్ మేడం సమక్షంలో ఈ విచారణ పారదర్శకంగా జరిగిందని గిరిబాబు మైకులో చెప్పాడు. ఫోన్లు పైకి లేచాయి. ఆమె శాలువా లాగి కింద పడేసింది. తన పేరు తీసెయ్యమని గట్టిగానే అంది. రికార్డులో జరిగిందే ఉండాలని, మీరు వచ్చి కూర్చున్నది నిజమే కదా అని అతను మెత్తగా జవాబిచ్చాడు.

జేసీబీ చెప్పిన వేళకే వచ్చింది. గిరిబాబు మనుషులు సామాన్లు ఒక్కటీ పగలకుండా బయటికి చేర్చారు. ప్రతి కుటుంబానికీ ఒక టార్పాలిన్ ఇచ్చి ఫొటో తీశారు. తర్వాత ఇనుప చెయ్యి గుడిసెల మీద పడింది. తాటాకులు, పీతల బుట్టలు, పొయ్యి రాళ్ళు నల్లటి బురదలోకి దొర్లాయి. ఏంజెలిన్ కట్ట దిగువకు వెళ్ళి వాంతి చేసుకుంది. తల ఎత్తేసరికి గిరిబాబు నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ దెబ్బ అయి ఉంటుందన్నాడు. ఆమె ఆ సీసా తీసుకోలేదు. ఆ చేతినే చూసింది. శుభ్రంగా గోళ్ళు కత్తిరించుకున్న చెయ్యి, ఒక్క పైసా లంచం అంటని చెయ్యి.

ఆదివారం మధ్యాహ్నం అతను మామూలుగానే ట్యూషన్‌కు వచ్చాడు. చెప్పులు కింద విడిచి గుమ్మంలో ఆగాడు. ఇంకెప్పుడూ రావద్దని ఏంజెలిన్ లోపలినుంచే చెప్పింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

"నేను తప్పు చేసినానా మేడం? ఎక్కడ తప్పినానో చెప్పండి, దిద్దుకుంటాను."

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. వినకముందే యంత్రాన్ని పిలిచినవాడు విన్నట్టు కాదని ఒక్క మాటలో చెప్పవచ్చు. చెబితే అది కూడా రాసుకుంటాడు. ఈసారి జేసీబీని విచారణ అయిన మర్నాడు పిలుస్తాడు. అడిగిన విద్యార్థికి తప్పు ఎక్కడో చెప్పకుండా ఉండటం ఆమెకు అదే మొదటిసారి. అంతటి రోతలో కూడా నోరు దానంతటదే తెరుచుకోబోతుంటే బలవంతాన మూసుకుని, తలుపు వేసేసింది.

ఆ వారమే ఆమె టైటస్ దగ్గరికి వెళ్ళింది. అతను ఆమె పాత విద్యార్థి, హైకోర్టులో వకీలు, సెలవులకు కావలి వచ్చి ఉన్నాడు. జేసీబీ సంగతి, గిరిబాబు తనతో అన్న మాటతో సహా, అన్నీ అఫిడవిట్‌లో రాయమంది. ఆ పద్ధతులు నేర్పింది తనేనని కూడా రాయమంది. అది రాస్తే రేపు ట్యూషన్‌కు ఎవరూ రారని టైటస్ నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు.

సంతకాలకు తూముపాళెం వాళ్ళు వచ్చారు. మహాలక్ష్మి వేలిముద్ర వేసి, సిరా గోడకు తుడుచుకుంటూ, ఏంజెలిన్ వైపు చూడకుండా అంది:

"నువ్వు ఆయన పక్కన కూర్చోబట్టి మావోళ్ళు గొడవ చెయ్యకుండా ఊరకున్నారమ్మా. అమ్మ ఉండాది గదా, మేలే జరుగుతాదనుకున్నారు."

ఏంజెలిన్ తన అఫిడవిట్ ముందుకు లాక్కుని సంతకం పెట్టింది.

హైకోర్టు ఉత్తర్వును కొట్టేసింది. ముందే తేల్చుకుని జరిపిన విచారణ విచారణ కాదంది. వేరే అధికారి మళ్ళీ వినాలని, అంతవరకు వాళ్ళను మళ్ళీ కట్ట మీదే ఉండనివ్వాలని చెప్పింది. టైటస్ ఫోన్ చేసి గెలిచామన్నాడు. గిరిబాబుకు ఒక హెచ్చరిక లాంటిది వచ్చిందని, బదిలీ అయిందని ఆమె విన్నది. కొన్ని నెలలకు గ్రూప్ వన్ ఫలితాలు వచ్చాయి. అతను ఎంపికయ్యాడు. రాజ్యాంగం పేపరులో మంచి మార్కులు వచ్చాయని, అంతా మీ చలవేనని, పాదాభివందనాలని ఫోన్‌లో సందేశం పెట్టాడు. ఏంజెలిన్ దాన్ని తుడిచేసి, ఆ పూట అన్నం ముందు కూర్చుని, తినలేక లేచిపోయింది.

గుడిసెలు మళ్ళీ లేచాయి. చూద్దామని ఆమె వెళ్ళింది. మోటార్లు మాత్రం ఆగలేదు. కోర్టు కట్ట సంగతి చెప్పింది గానీ నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. గుంటలవాళ్ళు ఇప్పుడు గొట్టం సరిగ్గా గుడిసెల ముందుకే మళ్ళించారు. మహాలక్ష్మి మనవరాలికి కాళ్ళ నిండా పుండ్లు లేచాయి. పిల్ల గీరుకుంటుంటే చీమూ నెత్తురూ కలిసి కారుతున్నాయి. ఈగలు తోలుతూ మహాలక్ష్మి ఈసారి ఆమె ముఖంలోకే చూసింది. దీనికి కూడా కేసు పడుతుందా అని అడిగింది. పడుతుందని ఏంజెలిన్ చెప్పింది.

చీర ఎగ్గట్టి ఇద్దరూ ఏట్లోకి దిగారు. గొట్టం మూతి దగ్గర బురదలో మోకాళ్ళదాకా దిగబడ్డారు. ఏంజెలిన్ ఖాళీ సీసా ముంచి నల్లటి నీళ్ళు పట్టింది. మూత బిగించి, గుడ్డ చుట్టి సంచిలో పెట్టుకుంది. బోరు దగ్గర ఎంత కడుక్కున్నా కంపు వదలలేదు.

కావలి బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి ముక్కు మూసుకుని, ఆమెను కిందికీ మీదికీ చూసి, లేచి వెనక సీటుకు పోయాడు. ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని, సీసా ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.